బాలవిజ్ఞానగ్రంథకర్త పాఠశాలకుఁ బోవుట

బాలురకై శాస్త్రవిషయములను వ్రాయు గ్రంథకర్తలను బాఠశాలలకు రావించి పిల్లలయెదుట మాటలాడించు నాచారము మనదేశమున నిపుడు ప్రబలుచున్నది. దీనిని గూర్చి పండితులు విచారించిన జాడ యంతగాఁ గానరాదు. పుస్తకము మంచిదైనచోఁ దానే బడికిఁ బోవును, కర్త పోనేల యని కొందఱందురు. గతసంవత్సరము వఱకు నేనును నట్లే యనుకొంటిని. వ్యాకరణము చెప్పుకొని జీవించువాఁడను; శబ్దము సాధువైనచో నర్థము దానివెంట నడచి వచ్చునని నమ్మినవాఁడను. ఆ నమ్మకము గోదావరితీరమునందలి యొక యున్నతపాఠశాలలో, ముప్పదియెనమండ్రు పిల్లల నడుమ, గంటన్నర కాలములోఁ జెదరిపోయినది. అది యెట్లు జరిగెనో ముందు చెప్పి, పిదప నీ సందర్శనము లేరీతి నుండిన గ్రంథమునకు మేలో విమర్శింతును.

నా మిత్రుఁడొకఁడు ఇంజనీరుగాఁ బనిచేసి విశ్రాంతి గైకొన్నవాఁడు. ఇండ్లు, వంతెనలు, గోపురములు పడిపోక యెట్లు నిలుచునో పదేండ్ల పండ్రెండేండ్ల పిల్లలకుఁ దెలుపుటకై యాతఁ డొక చిన్నపుస్తకము వ్రాసెను. భాష దిద్దు భారము నాపైఁ బడెను. చతురస్రమును మూలలయందు మేకులతో బిగించి ప్రక్కకుఁ ద్రోసినచో నది యొరగిపోవుననియు, త్రిభుజమును ద్రోసిన నొరగదనియు, వంతెనలయందును నింటికప్పులయందును ముక్కోణములు కనఁబడుటకుఁ గారణ మిదియే యనియు నందొక ప్రకరణము కలదు. ఆకారము మాఱకుండు నా గుణమునకు మిత్రుఁడు "బిగి" యని వ్రాసెను. నా కది శాస్త్రశబ్దముగాఁ దోఁపలేదు. బిగి ముడికుండును, కవిత్వమునకు నుండును. శాస్త్రమున కదియేమి యని కొట్టివేసి "దృఢత్వము" అని దిద్దితిని. పై తరగతుల భౌతికశాస్త్రమున దృఢవస్తు వనుమాట యెట్లును వాడుకలో నున్నది. అంతటితో నూరకుండక, "బాహ్యబలమునకు లోనైనను నాకృతి మాఱకుండుట దృఢత్వము" అని లక్షణమును గూడఁ గూర్చితిని. అవ్యాప్త్యతివ్యాప్తిదోషములు లేని లక్షణమని యానాఁడు సంతోషించితిని.

పుస్తకము వెలువడిన మూఁడవ నెలలో నా పాఠశాలవారు మిత్రుని బిలిచిరి. నన్నును వెంటఁ గొనిపోయెను. ఆతఁడు సంచినుండి రెండు వస్తువులు తీసి బల్లపై నుంచెను. ఒకటి, బారెడేసి సరుగుడుకఱ్ఱలు నాలిగింటిని మూలకొక మేకు చొప్పునఁ గొట్టి చేసిన చతురస్రము. రెండవది, మందు గీఁకివేసిన యగ్గిపుల్లలు మూఁడింటిని సైకిలు వాల్వులోని సన్నని రబ్బరుగొట్టపు ముక్కలతోఁ గలిపిన త్రిభుజము. పిల్లలు నా లక్షణవాక్యమును ముందురోజే కంఠస్థము చేసియుండిరి. ఉపాధ్యాయిని యడిగినంతనే యేకకంఠముగ నప్పగించిరి. నా చెవులకది వేదపఠనమువలెనే వినఁబడినది. అంతట మిత్రుఁడు, "ఏది దృఢమైనదర్రా?" యని యడిగెను. ముప్పదియెనిమిది చేతులును సరుగుడుకఱ్ఱలవైపే చూపినవి. వెనుకబల్లనున్న బాలుఁడొకఁడు లేచి, "అదేనండి. దాంతో ఒక్కటేస్తే పాముకూడా చచ్చిపోద్దండి" యని హేతువును గూడఁ జెప్పెను.

మిత్రుఁడు నవ్వలేదు. ముందువరుసలోని బాలికను బిలిచి, చతురస్రమును నిలువఁబెట్టి పైమూలను ద్రోయు మనెను. అంత లావు కఱ్ఱలును వ్రేలితోపునకే నేల కొరగినవి. అగ్గిపుల్లల త్రిభుజమును ద్రోయు మనెను. రబ్బరు కొంచెము సాగినది గాని, యాకారము చెడలేదు. ఆ పిల్ల రెండుసారులు త్రోసి చూచి, "ఇది ఒరగదండి" యనెను. "మా నులకమంచం ఇలాగే ఒరిగిపోయేదండి, మా తాత మూలకి ఏటవాలుగా కర్ర కొట్టేడండి" యని మఱియొకతె యందుకొనెను. ఒక బాలుఁడు రాజమహేంద్రవరపు రోడ్డు-రైలు వంతెనను దలఁచుకొనెను. 1974లో రాకపోకలు మొదలైన యా వంతెన యినుపదూలములనడుమ ముక్కోణములు బారులు తీరియుండుటను రైలుకిటికీనుండి చూచినవాఁడే, యిపుడే చూచినట్లు చెప్పెను. ఆపైని గంటసేపు తరగతియందు "దృఢ" యన్నమాట యెవరి నోటను వినఁబడలేదు. ఒరుగుట, ఒరగకుండుట, ఒరగనిదానిని జేయుట, ఇవే మాటలు.

తిరుగుప్రయాణమున నాకు లజ్జ కలిగినది. పిల్లలు తప్పు చెప్పలేదు, నేనే తప్పు వ్రాసితిని. పాణిని సప్తమాధ్యాయమునందు దృఢశబ్దమును స్థూలమనియు బలవంతమనియు నర్థము లున్నపుడే నిపాతించెను. ఇతరార్థములయందు దృహితము, దృంహితము అను రూపములే యగునని కాశికయందుఁ బ్రత్యుదాహరణములు గలవు. ఆ సూత్రమును ముప్పదియేండ్లుగాఁ బాఠము చెప్పుచున్నాను. లావుగను బలముగను నున్న సరుగుడుకఱ్ఱను జూపి, ఇది దృఢమన్న పిల్లవాఁడు పాణినీయుఁడు. అగ్గిపుల్లల త్రిభుజము స్థూలమా? కాదు. బలవంతమా? చిటికెన వ్రేలితో విఱుగును. దానికి దృఢత్వ మంటగట్టి, చిన్నపిల్లలు చదువు పుస్తకమున నచ్చొత్తించిన నేనే యపశబ్దప్రయోక్తను. శాస్త్రకారులు పరిభాషగా నొక శబ్దమున కొక యర్థమును సంకేతింపవచ్చును. పై తరగతులవారి దృఢవస్తుశబ్దమున కట్టి సమర్థనము కలదు. సంకేతము నెఱుఁగని బాలుని యెదుట మాత్రము లోకప్రసిద్ధార్థమే ముందు నిలుచును. నేను వ్రాసిన లక్షణము దానిని బ్రక్కకుఁ ద్రోయలేకపోయినది. ఆ చతురస్రమునకున్న పాటి యొరుగుడును నా వాక్యమునకు లేదు.

ఈ సంగతి మనశాస్త్రములు చెప్పనిది కాదు. శబ్దమునకు నర్థమునకుఁ గల సంబంధమును గ్రహించుటకు మనవా రెనిమిది మార్గములు చెప్పిరి: వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివరణము, ప్రసిద్ధపదసాన్నిధ్యము. వీనిలో మాటలు రాని బాలునికి మొదట లభించునది వ్యవహార మొక్కటియే. పెద్దవాఁడు ఆవును దెమ్మనును; రెండవవాఁడు తెచ్చును. ఆవును గట్టు మనును, కట్టును. గుఱ్ఱమును దెమ్మనును, వేఱొక జంతువు వచ్చును. ప్రక్కనున్న పసివాఁ డీ రాకపోకలను జూచి, యే మాట తొలఁగిన నేది తొలఁగెనో, యే మాట చేరిన నేది చేరెనో కనిపెట్టి యర్థమును గ్రహించును. ఆవాపోద్వాపములని తర్కపాఠమున దీనిని వల్లెవేయని విద్యార్థి లేఁడు. ఐనను బాలురకుఁ బుస్తకము దిద్దునపుడు నాకది స్ఫురింపలేదు. పుస్తకమునం దాప్తవాక్యము కలదు, వివరణము కలదు, బొమ్మ యున్నచో నుపమానము కొంత కలదు. వ్యవహారము లేదు. తెమ్మనుటకు నోరును, తెచ్చుటకుఁ జేయియు, తేఁబడుటకు వస్తువును నొక్కచోటఁ గూడవలయును. గ్రంథకర్త బడికిఁ బోవుటవలనఁ గలుగు ముఖ్యప్రయోజన మిదియే యని నా మతము. పిల్లల కాతఁడు కనఁబడుట ప్రధానము కాదు. తన మాట పిల్లలనోటఁ బడి యేమగునో యాతఁడు వినుట ప్రధానము.

బాలశాస్త్రగ్రంథములలో నుత్తమమని లోకము మెచ్చినదానినే చూతము. లండనునగరమున రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను విద్యాసంస్థయందు 1825లో బాలురకై క్రిస్మసు సెలవుల యుపన్యాసములు మొదలైనవి. మైకేల్ ఫారడే 1827 మొదలు 1860-61 వఱకుఁ బందొమ్మిది పర్యాయము లా పరంపరలను నడపెను. క్రొవ్వొత్తిని గూర్చి 1848-49లో నొకమాఱును, 1860-61లో మఱియొకమాఱును జెప్పెను. ఈ రెండవమాఱు చెప్పిన యాఱుపన్యాసములను విలియం క్రూక్స్ సంపాదించి 1861లోఁ బ్రకటించెను. ఇక్కడ బాలురే యుపన్యాసమందిరమునకు వచ్చిరి గాని కర్త బడికిఁ బోలేదు, అది యటుండనిండు. గ్రంథము పుట్టిన క్రమము మాత్రము గమనింపఁదగినది. ముందు వస్తువు, పిదప మాట, కడపట పుస్తకము. మొదటి యుపన్యాసముననే, బాలురతో బాలుఁడనై మాటలాడు నధికారమును గోరుకొందునని ఫారడే చెప్పుకొనెను. ఆ యధికారము నాతఁడు వ్యర్థము చేయలేదు. మండుచున్న వత్తిచుట్టును గరఁగిన మైనము గిన్నెవలె నేల నిలుచును? వేఁడియైన గాలి పైకిఁ బోవుచుండఁ జల్లనిగాలి క్రిందినుండి వచ్చి యంచులను జల్లార్చును. అంచులు గట్టిపడును, నడుమ కరఁగును. చెక్కడపు సొంపులుగల క్రొవ్వొత్తి చూపునకు బాగుండును గాని, గాలి సమముగాఁ దగులనందున దాని గిన్నె యంచు కుదురక మైనము కారిపోవును. కరఁగినది వత్తివెంట నెట్లు ప్రాఁకును? ఉప్పును స్తంభముగాఁ బోసి, పళ్లెములో రంగు వేసిన యుప్పుద్రావణమును నింపఁగా నది స్తంభమున నెగఁబ్రాఁకుటను గన్నులారఁ జూపెను. ఒత్తి నార్పినపు డెగయు నావిరికి రెండుమూఁడంగుళముల దూరమునుండి నిప్పంటించి, మంట గాలిలోఁ బరువెత్తి వత్తిని ముట్టుకొనుటను జూపెను. ఆ పుస్తకమును నేఁడు చదువునపుడు మన కొక లోటు తోఁచును: అడుగడుగునను "ఇదిగో చూడుఁడు" అను ధ్వని యుండును, చూచుటకు మనయొద్ద నేమియు నుండదు. క్రొవ్వొత్తిని వెలిగించుకొని చదివిన నా లోటు తీఱును. ఇది గ్రంథమునకు దోషమందునా? గుణమే యందును. వస్తువును వెదకించు పుస్తకము వస్తువును మఱపించు పుస్తకముకంటె మేలు.

మనదేశమున నీ క్రమమునకు నిదర్శనము అరవింద గుప్త. కాన్పూరు ఐఐటీలో 1975లోఁ బట్టము పొంది, మోటారులు చేయు కర్మాగారమున నుద్యోగము చేయుచు, 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశమునందలి హోషంగాబాదు విజ్ఞానబోధనప్రణాళికలోఁ బనిచేయఁబోయెను. ఆ ప్రణాళిక 1972లోఁ బదునాఱు బడులతో మొదలైనది. పల్లెసంతలో నగ్గువకు దొరకు వస్తువులను వెదకఁగా వాల్వుగొట్టము చేతఁబడినది. అగ్గిపుల్లలు దానికి జత కూడినవి. మిత్రుని సంచిలోని త్రిభుజము పుట్టిల్లదియే. అగ్గిపుల్లల నమూనాల పుస్తకము 1987లోఁ గాని వెలువడలేదు. నడుమ దాదాపు తొమ్మిదేండ్లు! అన్నినాళ్లును బొమ్మలు పిల్లలచేతులలో విఱిగి, మాఱి, కుదిరిన పిమ్మటఁ బుటలకెక్కినవి. ఆ పుస్తకమున బొమ్మ లెక్కువ, మాట తక్కువ. ఉన్న మాటయు "చేయుము", "త్రోయుము", "చూడుము" అను క్రియారూపమే. వైయాకరణుఁడనగుటచే నాకిది రుచించినది: వాక్యమునఁ గ్రియయే ప్రధానమని మావారి సిద్ధాంతము కదా. ఆయన పుణెలోని ఖగోళవిజ్ఞానకేంద్రమున బాలవిజ్ఞానశాలలో 2014 దాఁకఁ బనిచేసెను. 2018లోఁ బద్మశ్రీ పొందెను. తన పుస్తకములను బలుభాషలలోఁ దెలుఁగుతోఁ గూడ వెల లేక యంతర్జాలమున నుంచెను. హోషంగాబాదు ప్రణాళికను 2002లోఁ బ్రభుత్వము నిలిపివేసినది గాని, తరగతిగదియందుఁ బరీక్షించి మరల మరల దిద్దిన "బాల వైజ్ఞానిక్" అను పాఠ్యపుస్తకము దాని ఫలముగా మిగిలినది.

తెలుఁగున శాస్త్రవాఙ్మయము వేఱుత్రోవఁ బట్టినది. 1906లో నేర్పడిన విజ్ఞానచంద్రికామండలి చేసిన సేవ యసామాన్యము. ఆనాఁటి పాఠకుఁడు పెద్దవాఁడు, అక్షరాస్యుఁడు, సంస్కృతసమాసమునకు జంకనివాఁడు. ఆ గ్రంథముల యచ్చునే పిమ్మటఁ జిన్నపిల్లలకు మనము తొడిగితిమి. చొక్కా వదులైనదని పిల్లవాఁడు చెప్పఁడు, వేసుకొనుట మానును.

ఇఁక నేఁటి సందర్శనములలోఁ జాలవానిని గూర్చి. నేను చూచినవానిలో నొకటి చెప్పెదను. ఊరును బేరును వలదు. ఆవరణమున పందిరి, అందాఱువందలమంది పిల్లలు మండుటెండలో. వేదికపై దండలు, శాలువలు, ఐదుగురి ప్రసంగములు. గ్రంథకర్తకుఁ జిక్కినది యిరువది నిమిషములు. అందులోఁ దన బాల్యకష్టములకుఁ బదునైదు. తుదకుఁ బుస్తకముల విక్రయము, ఛాయాచిత్రము. పిల్లలలో నొక్కనికైనఁ బ్రశ్న వేయు నవకాశము రాలేదు. ఇది సందర్శనము గాదు, సమ్మానము. సమ్మానము వలదనను, దానికి వేఱు దినముంచుకొనవచ్చును. గ్రంథకర్త బడికిఁ బోవుట యవధానమునకుఁ గూర్చుండుటవంటిది. అవధాని గొప్పతనము పృచ్ఛకులు తేల్తురు. పృచ్ఛకులు నోరు మెదపని సభలో నవధానమే లేదు. పిల్లలకంటెఁ గఠినులైన పృచ్ఛకు లెవరు? వారికి మొగమోటము లేదు.

అప్రస్తుతప్రసంగమునకు సైతమందుఁ జోటున్నది. గోదావరితీరపు బడిలో నొక చిన్నది, "అగ్గిపుల్ల తల్లకిందులుగా పట్టుకున్నా మంట పైకే ఎందుకెళ్తదండి?" యని యడిగెను. పాఠము ముక్కోణములను గూర్చి! ఉపాధ్యాయిని కనుసన్న చేసి కూర్చుండఁబెట్టఁబోయెను. మిత్రుఁడు వారించి, తేలికైన కాగితపుపేలిక నొకదానిని దారమునఁ గట్టించి, వెలుఁగుచున్న దీపమునకుఁ బై యెత్తున నొకమాఱు, ప్రక్కన నొకమాఱు దవ్వుగా వ్రేలాడఁదీయించెను. పైన నది రెపరెపలాడెను, ప్రక్కన నూరకుండెను. వేఁడిగాలి తేలికయై యెగయుననియు, మంటను దనతోఁ గొనిపోవుననియు వారే చెప్పిరి. బరువన్నది తెలియరాని యంతరిక్షనౌకలో మంట యెగయక గుండ్రముగ నుండునని మిత్రుఁడు చెప్పఁగాఁ దరగతి యంతయు నోరు తెఱచెను. ఆ ప్రశ్న యాతని రెండవ పుస్తకమున నొక ప్రకరణమగుచున్నది. ఇంటఁ గూర్చుండి వ్రాసినచో నా ప్రకరణము పుట్టెడిది కాదు.

ఆక్షేపణలు కలవు. మంచి రచయిత మంచి వక్త కాకపోవచ్చు ననుట నిజమే. వక్త కానక్కఱలేదు, వినువాఁడైనఁ జాలును; మిత్రుఁ డాదినమున మాటలాడినదానికంటె నూరకున్నదే యెక్కువ. సంస్కృతపదముల నెల్లఁ దీసివేయు మనుచున్నాఁడని నాపై నెవరైనఁ గోపింతురేమో. అట్లనను. త్రిభుజము, చతురస్రము, కేంద్రము అను మాటలను బిల్లలు దడఁబడక వాడిరి. వస్తువు చేతనున్నచో నే భాషామూలమైనను వారికొక్కటియే. కర్ణమన్నమాట యొద్ద నొక బాలుఁడు "కర్ణుడికీ దీనికీ ఏమిటండి సంబంధం?" అని యడుగఁగా, మూలనుండి యెదుటిమూలకు దారము లాగి చూపినంతనే యాతనికిఁ దృప్తి కలిగినది. మాట యే భాషదన్నది నాకడ్డు గాదు. పిల్లవాని లోకమున దానికి ముందే వేఱర్థ మున్నదా లేదా యన్నదే చూడవలసినది. "దృఢ" కున్నది. "ఒరుగు" మాట గ్రామ్యమా? రణమునఁ బడిన వీరు లొరగి రని మన కవులు వాడినదే కదా.

రెండవముద్రణమునకు మార్పులు వ్రాసి మిత్రుఁడును నేనును బ్రకాశకులకుఁ బంపితిమి. పుస్తకము పాత మాటలతోనే పాఠశాలలపట్టికలోఁ జేరినది గావున నిపుడు మార్పఁగూడదని వారు ప్రత్యుత్తర మిచ్చిరి. పిల్లలు పరీక్షించి త్రోసివేసిన మాటను, పిల్లలను జూడనివా రంగీకరించినారను కారణమున నిలుపుట! ఏమనుటకును దోఁపలేదు. మిత్రుఁడు వచ్చెడి నెలలో నదే బడికి మరలఁ బోవుచున్నాఁడు. ఈసారి పిల్లలచేతనే తమ తమ ప్రతులలోఁ గలముతో దిద్దించునఁట. నన్నును రమ్మనెను. నా ప్రతి నిపుడే ముందుంచుకొని చూచితిని. దృఢశబ్దము నాలుగుచోట్ల నున్నది. మూఁడుచోట్ల గొట్టివేసి, ప్రక్కన "ఒరగనిది" యని వ్రాసితిని. నాలుగవచోట నది యినుపస్తంభమును గూర్చినది. ఆ స్తంభము లావైనది, బలమైనది. అక్కడ నుంచితిని.